సోలలో మానెడు పోస్తే?

పరీక్ష ఫీజు కట్టేటప్పుడు మీరు నింపే దరఖాస్తు ఫారాన్ని ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. పేరు రాయడానికి అందులో వరసగా చిన్న చిన్న గళ్ళు ఉంటాయి. ఒక్కో గడిలో ఒక్కో ఇంగ్లీషు అక్షరం రాయాలి. రవి అనే కుర్రవాడికి ఏ బాధా లేదు. నాలుగు గళ్ళు నింపి మిగిలినవి వదిలేస్తాడు. కాని ఇంటిపేరు, తాతగారి పేరు, ఇలవేల్పు పేరు అన్నీ కలిసివచ్చిన వెంకట సత్య లక్ష్మీ నరసింహమూర్తి సంగతేమిటి? గళ్ళు అయిపోతాయి, పేరు మాత్రం అవదు!

అప్పుడు అతని ముందు మూడు దారులున్నాయి. ఒకటి, గుమాస్తా దగ్గరకు వెళ్ళి "గళ్ళు చాలలేదండీ" అని చెప్పడం. రెండు, పట్టినంత మేరకు రాసి మిగిలింది వదిలేయడం. మూడోది కాస్త వింతగా ఉంటుంది. గళ్ళు అయిపోగానే మళ్ళీ మొదటి గడికి వచ్చి, ముందు రాసినదాని మీదే రాసుకుంటూ పోవడం! మనుషులెవరూ ఈ మూడో పని చేయరు. కాని యంత్రాలు చేస్తాయి.

మానెడు అంటే నాలుగు సోలలు. సోలలో మానెడు బియ్యం పోస్తే మూడు సోలలు నేలపాలవుతాయి. ఇది మన అమ్మమ్మలకు కూడా తెలిసిన సంగతే. మరి కోట్ల రూపాయల ఖరీదు చేసే కంప్యూటర్లు కూడా ఈ చిన్న విషయం దగ్గరే ఎందుకు తడబడతాయి? తడబడినప్పుడు లోపం ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి? చూద్దాం రండి.

గళ్ళ పుస్తకం

మీ బడిలో హాజరుపట్టీ చూశారు కదా! అడ్డంగా ఒక్కో వరుస ఒక్కో విద్యార్థిది. నిలువుగా ఉన్న గళ్ళలో క్రమసంఖ్య, పేరు, తేదీలు ఉంటాయి. కంప్యూటరులో సమాచారాన్ని భద్రపరిచే డేటాబేస్ కూడా ఇలాంటి పట్టికల సముదాయమే. సమాచారాన్నంతా ఇలా వరుసలు, నిలువు గళ్ళు ఉన్న పట్టికలుగా అమర్చుకోవచ్చని 1970లో ఐబీఎం సంస్థలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసంలో వివరించాడు. నేటి బ్యాంకులు, రైలు రిజర్వేషన్లు, పరీక్షల బోర్డులు వాడే డేటాబేస్‌లలో చాలా భాగం ఆ ఆలోచన మీదే నడుస్తున్నాయి.

అయితే హాజరుపట్టీకీ దీనికీ ఒక తేడా ఉంది. కాగితం మీద గడి చాలకపోతే అక్షరాలు చిన్నవి చేసి ఇరికించవచ్చు, అంచు మీదకు పోవచ్చు. కంప్యూటరుకు ఆ వెసులుబాటు లేదు. పట్టిక తయారుచేసే రోజునే ప్రతి నిలువు గడికీ రెండు సంగతులు నిర్ణయించాలి. అందులో పట్టేది సంఖ్యా, అక్షరాలా, తేదీయా అన్నది మొదటిది. ఎంత వరకు పడుతుందన్నది రెండోది. ఆ కొలత దాటిన దేన్నీ ఆ గడి ఉన్నదున్నట్టుగా దాచుకోలేదు.

దీపాలతో లెక్క

సంఖ్యల గడి ఎంత పెద్దదో తెలియాలంటే కంప్యూటరు ఎలా లెక్కపెడుతుందో తెలియాలి. వరుసగా ఎనిమిది దీపాలు ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటీ వెలిగి ఉండవచ్చు, ఆరి ఉండవచ్చు. ఆరితే 0, వెలిగితే 1. ఇలాంటి ఒక్కో దీపాన్ని 'బిట్' అంటారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక 'బైట్'.

ఒక దీపంతో రెండు స్థితులు వస్తాయి. రెండు దీపాలతో నాలుగు, మూడింటితో ఎనిమిది. ఇలా రెట్టింపవుతూ పోతే ఎనిమిది దీపాలతో 256 స్థితులు వస్తాయి. అంటే ఒక బైటులో 0 నుంచి 255 వరకు మాత్రమే లెక్కపెట్టగలం. రెండు బైట్లు, అంటే 16 బిట్లు తీసుకుంటే 65,535 వరకు పోవచ్చు. ఋణ సంఖ్యలు కూడా కావాలంటే ఆ స్థితులలో సగం వాటికి కేటాయించాలి. అప్పుడు హద్దు 32,767కు తగ్గిపోతుంది. నాలుగు బైట్ల గడిలో, అంటే 32 బిట్లలో, ఋణ సంఖ్యలకూ చోటిస్తే హద్దు 2,14,74,83,647. అంటే సుమారు 214 కోట్లు. ఈ సంఖ్యను బాగా గుర్తుపెట్టుకోండి. మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

"అన్ని గళ్ళనూ ఏనుగంత చేసేస్తే పోలేదా?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే! కాని గడి పెద్దదైతే చోటు ఎక్కువ పడుతుంది. ఒక పట్టికలో మూడు కోట్ల వరుసలుంటే, గడికి నాలుగు బైట్లు పెంచినా పన్నెండు కోట్ల బైట్లు అదనం. వెతకడానికి పట్టే కాలమూ పెరుగుతుంది. ఇంకో సంగతి. హద్దు అనేది కాపలాదారు కూడా. వంద మార్కుల పరీక్షలో ఎవరో 87 బదులు పొరపాటున 870 అని కొడితే, వందకు మించి ఒప్పుకోని గడి ఆ పొరపాటును అక్కడికక్కడే పట్టేస్తుంది. ఏనుగంత గడి దాన్ని నోరెత్తకుండా మింగేస్తుంది.

పొంగినప్పుడు ఏమవుతుంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గడి హద్దును మించిన విలువ వచ్చిందనుకోండి. ఫారం నింపే కుర్రవాడికి చెప్పుకున్న ఆ మూడు దారులే కంప్యూటరుకూ ఉన్నాయి.

మొదటిది నిరాకరణ. "ఇది పట్టదు" అని ఎర్రర్ సందేశం ఇచ్చి, ఆ విలువను తీసుకోకుండా ఆగిపోతుంది. పని ఆగినందుకు మనకు చిరాకు కలుగుతుంది. కాని పట్టికలో ఒక్క తప్పు అక్షరం కూడా చేరలేదని గమనించండి.

రెండోది కత్తిరింపు. పట్టినంత ఉంచుకుని మిగిలింది పారేస్తుంది. సంఖ్య అయితే తనకు చేతనైన అతి పెద్ద సంఖ్యను దాని స్థానంలో రాసుకుంటుంది. పని ఆగదు. అంతా సవ్యంగా జరిగినట్టే కనిపిస్తుంది.

మూడోది చుట్టు తిరగడం. పాత స్కూటరు మీటరులో 99999 తర్వాత 00000 వచ్చినట్టే, 255 ఉన్న ఒక బైటుకు 1 కలిపితే 0 వస్తుంది. ఋణ సంఖ్యలున్న 32 బిట్ల గడిలో 214 కోట్ల హద్దు మీద ఇంకొక్కటి కలిపితే ఫలితం ఒక్కసారిగా మైనస్ 214 కోట్లవుతుంది! డేటాబేస్‌లు ఇలా చేయడం అరుదు. లెక్కలు కట్టే ప్రోగ్రాములలో మాత్రం ఇది మామూలే. జావా, సి వంటి భాషలలో ప్రోగ్రాము రాసేవాళ్ళు దీని విషయంలో ఎప్పుడూ జాగ్రత్తగా ఉండాలి.

ఈ మూడింటిలో ఏది ప్రమాదకరం? చాలామంది మొదటిదే అనుకుంటారు. ఎందుకంటే అందులో కంప్యూటరు గట్టిగా అరుస్తుంది కనుక. నిజానికి ప్రమాదమంతా నోరు మెదపకుండా సరిపెట్టేసే మిగిలిన రెండింటిలోనే ఉంది. ఒక ఉదాహరణ చూడండి.

ఒక బడిలో తల్లిదండ్రుల సెల్‌ఫోన్ నంబర్లు దాచడానికి 32 బిట్ల సంఖ్యల గడి ఏర్పాటు చేశారనుకోండి. మన దేశంలో సెల్‌ఫోన్ నంబరుకు పది అంకెలు. అది 6, 7, 8, 9లలో ఏదో ఒకదానితో మొదలవుతుంది. అంటే అతి చిన్న నంబరు కూడా 600 కోట్లకు పైమాటే. గడి హద్దు 214 కోట్లు! మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ఇలాంటప్పుడు పూర్వం ఒక చిన్న హెచ్చరిక మాత్రం పక్కన పెట్టి, గడిలో 2147483647 అని రాసేసుకునేది. ఆ హెచ్చరికను అడిగి చూసేవాళ్ళు తక్కువ. ఫలితం? పట్టికలో వెయ్యిమంది పిల్లలుంటే వెయ్యిమంది తల్లిదండ్రులదీ ఒకే నంబరు! తుఫాను వల్ల రేపు బడి లేదన్న కబురు ఒక్క ఇంటికీ చేరదు. అసలు నంబర్లు ఎక్కడా మిగలలేదు కనుక వాటిని తిరిగి రాబట్టే దారి కూడా లేదు. 2015లో వచ్చిన 5.7 వెర్షన్ నుంచి ఈ డేటాబేస్, ప్రత్యేకంగా వద్దని చెబితే తప్ప, ఇలాంటి విలువలను నిరాకరిస్తోంది. కావాలని అరవడం నేర్పారన్నమాట!

ఇందులో ఇంకో పాఠం కూడా ఉంది. ఫోన్ నంబర్లను మనం ఎప్పుడైనా కూడతామా? హెచ్చవేస్తామా? లేదు కదా! కూడికకు, తీసివేతకు పనికిరాని అంకెల వరుస నిజానికి సంఖ్య కాదు. అది పేరు వంటిది. దాన్ని అక్షరాల గడిలోనే దాచాలి. బ్యాంకు ఖాతా నంబరు మొదట్లో సున్నాలుంటే సంఖ్యల గడి వాటిని పోగొడుతుంది కూడా.

లక్ష్మికి ఎన్ని గళ్ళు కావాలి?

అక్షరాల గళ్ళలో మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఒక తిరకాసు ఉంది. లక్ష్మి అన్న పేరులో ఎన్ని అక్షరాలు? 'ల', 'క్ష్మి' రెండే అంటారు మీరు. కంప్యూటరు అలా లెక్కపెట్టదు. ప్రపంచ భాషలన్నిటికీ యూనికోడ్ అనే ఒకే సంకేతాల పట్టిక ఉంది. అందులో హల్లుకు ఒక సంకేతం, గుణింతపు గుర్తుకు ఒక సంకేతం, పొల్లుకు ఒక సంకేతం. కనుక లక్ష్మి అంటే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మొత్తం ఏడు సంకేతాలు.

ఇంగ్లీషులోనూ ఆ పేరుకు ఏడు అక్షరాలే కదా, తేడా ఏముంది అంటారేమో! తేడా బైట్లలో ఉంది. 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు రూపొందించిన యూటీఎఫ్-8 అనే పద్ధతిలో నేడు ఎక్కువ సమాచారం దాస్తున్నారు. ఈ పద్ధతిలో ఒక ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. ఒక తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. ఇంగ్లీషులో 7 బైట్లలో ఒదిగిన లక్ష్మికి తెలుగులో 21 బైట్లు పడుతుంది!

పేరుకు 20 చాలులే అని ఎవరో గడి కట్టారనుకోండి. ఆ 20 అన్నది సంకేతాల లెక్క అయితే లక్ష్మి హాయిగా పడుతుంది. బైట్ల లెక్క అయితే పట్టదు. ఒరాకిల్ అనే డేటాబేస్ మామూలుగా బైట్లలోనే కొలుస్తుంది. అది 12899 నంబరు గల ఎర్రర్ సందేశం ఇస్తుంది. ఏ గడికి విలువ పెద్దదైందో చెప్పి, "వచ్చినది 21, గరిష్ఠం 20" అని లెక్క కూడా చెబుతుంది. అలా చెప్పకుండా 20 దగ్గర కత్తిరించే ప్రోగ్రాము ఏదైనా మధ్యలో ఉంటే ఏమవుతుంది? ఆరు సంకేతాలకు 18 బైట్లు పోగా, చివరి గుడికి కావలసిన మూడు బైట్లలో రెండే మిగులుతాయి. ముక్కలైన సంకేతానికి అర్థం లేదు. కనుక తెర మీద 'లక్ష్మ' అని వచ్చి, పక్కన ప్రశ్నార్థకమున్న నల్లటి డైమండు గుర్తు కనిపిస్తుంది. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించిన కార్యక్రమాలు తెలుగు పేర్ల దగ్గర ఆగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఒక పిల్ల పేరులోని చివరి అక్షరం పోతే ఏమైందిలే అనుకోకండి. పదో తరగతి సర్టిఫికెట్లో ఒక పేరు, గుర్తింపు కార్డులో ఇంకో పేరు ఉంటే, ఇద్దరూ ఒకరేనని రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగవలసింది ఆ పిల్లే, గడి చిన్నది కట్టిన ఇంజనీరు కాదు.

37 సెకన్ల ప్రయాణం

విలువ గడి దాటడం వల్ల కలిగిన నష్టాలలో అన్నిటికంటే పేరుపడ్డది 1996 జూన్ 4న జరిగింది. దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాలో కూరూ అనే చోటు నుంచి యూరప్ దేశాలు ఏరియాన్-5 అనే కొత్త రాకెట్టును మొదటిసారి ప్రయోగించాయి. అందులో క్లస్టర్ అనే పేరుగల నాలుగు పరిశోధక ఉపగ్రహాలు ఉన్నాయి.

రాకెట్టు ఎటు పోతోందో, ఎంత ఒరిగిందో చెప్పే పరికరంలోని ప్రోగ్రామును పాత ఏరియాన్-4 నుంచి తెచ్చి వాడారు. అడ్డంగా పోయే వేగానికి సంబంధించిన ఒక విలువను అది 64 బిట్ల రూపం నుంచి 16 బిట్ల గడిలోకి మార్చేది. హద్దు 32,767 అని చెప్పుకున్నాం కదా! ఏరియాన్-4 ప్రయాణంలో ఆ విలువ హద్దు దాటే అవకాశం లేదు. ఏరియాన్-5 దారి వేరు. దాని అడ్డు వేగం మొదట్లోనే ఎక్కువ. ఇంజను మండడం మొదలైన సుమారు 37 సెకన్లకు ఆ విలువ గడి దాటింది. పరికరం ఆగిపోయింది. దానికి తోడుగా పెట్టిన రెండో పరికరం? అందులోనూ అదే ప్రోగ్రాము! అది కూడా అదే కారణంతో అప్పటికే ఆగిపోయింది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. ఆ పరికరం నోరు మూసుకోలేదు. "నాలో లోపం వచ్చింది" అని సందేశం పంపింది. కాని రాకెట్టును నడిపే కంప్యూటరు ఆ సందేశంలోని అంకెలను లోపం కబురుగా కాక, రాకెట్టు ఒరిగిన కొలతగా చదువుకుంది! లేని ఒరుగుదలను సరిదిద్దడానికి ఇంజన్లను పూర్తిగా ఒక పక్కకు తిప్పింది. రాకెట్టు పక్కకు తిరిగి, గాలి ఒత్తిడికి విరగనారంభించి, తనను తాను పేల్చేసుకుంది. నాలుగు ఉపగ్రహాలూ పోయాయి. అన్నిటికంటే విచారకరమైన సంగతేమిటంటే, ఆ లెక్క రాకెట్టు నేల విడిచాక అసలు అవసరమే లేదు.

జాక్-లూయి లియోన్స్ అనే గణితశాస్త్రవేత్త అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడి, జూలైలో నివేదిక ఇచ్చింది. గడి దాటే ప్రమాదమున్న విలువలు ఏడు ఉండగా నాలుగింటికే రక్షణ ఏర్పాటు చేశారనీ, మిగిలిన మూడూ హద్దు దాటవన్న నమ్మకంతో వదిలేశారనీ అందులో ఉంది. అంటే యంత్రం అరిస్తేనే చాలదు. ఆ అరుపు వినేవాడు, విని అర్థం చేసుకునేవాడు కూడా ఉండాలి.

నేల మీద కూడా ఇటువంటిది జరిగింది. 2004 డిసెంబరులో అమెరికాలో పెద్ద మంచు తుఫాను వచ్చింది. కామెయిర్ అనే విమాన సంస్థ తన సిబ్బంది డ్యూటీలను మాటిమాటికి మార్చవలసి వచ్చింది. ఆ మార్పులను నమోదుచేసే ప్రోగ్రాము నెలకు సుమారు 32 వేలకు మించి లెక్కించలేదు. మామూలు నెలల్లో అంత అవసరం ఎప్పుడూ రాలేదు. క్రిస్మస్ సమయానికి ఆ హద్దు నిండిపోయి ప్రోగ్రాము ఆగిపోయింది. పండుగ రోజున ఆ సంస్థ విమానాలు దాదాపు 1,100 రద్దయి, ఇళ్ళకు పోవలసిన వాళ్ళు విమానాశ్రయాలలో చిక్కుకుపోయారు.

వైద్యుడిలా ఆలోచించాలి

ఇక ఇలాంటి ఎర్రర్ వచ్చినప్పుడు ఏం చేయాలి? జ్వరం వచ్చిందని థర్మామీటరును పగలగొట్టం కదా! ఎర్రర్ కూడా థర్మామీటరు వంటిదే. వైద్యుడిలా వరుసగా పరీక్షించుకుంటూ పోవాలి.

ముందు సందేశాన్ని చివరిదాకా చదవండి. చాలామంది 'ఎర్రర్' అన్న మాట చూడగానే తెర మూసేస్తారు. విలువ పొడవైందా, సంఖ్య హద్దు దాటిందా, ఏ గడిలో, ఎన్నో వరుసలో అన్న వివరాలు చాలా సందేశాలలోనే ఉంటాయి. అన్ని డేటాబేస్‌లూ ఒకేలా చెప్పవు. పోస్ట్‌గ్రెస్ విలువ పొడవైందని, హద్దు ఎంతో చెబుతుంది కాని గడి పేరు చెప్పదు. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ చాలా ఏళ్ళపాటు "కత్తిరించవలసి వస్తోంది" అని మాత్రం చెప్పి ఊరుకునేది. 2019 వెర్షన్ నుంచి పట్టిక పేరు, గడి పేరు, పట్టని విలువ కూడా చెబుతోంది. ఒక్కోసారి సందేశం తప్పుదారి కూడా పట్టిస్తుంది. కొత్త వరుసలకు క్రమసంఖ్య ఇచ్చే గడి 2147483647 దాకా నిండిపోతే మైఎస్‌క్యూఎల్ "గడి నిండింది" అనదు. "ఈ సంఖ్య ఇదివరకే ఉంది" అంటుంది. సందేశంలో ఆ సంఖ్య కనిపిస్తే మాత్రం అసలు జబ్బు మీకు వెంటనే తెలిసిపోతుంది.

రెండోది, దోషి ఎక్కడున్నాడో వెతకండి. వెయ్యి పేర్లను ఒకేసారి ఎక్కిస్తుంటే ఎర్రర్ వచ్చింది, ఏ పేరుతోనో తెలియదు. ఒక్కొక్కటే చూస్తూ కూర్చోనక్కరలేదు. అసలు పట్టికను ముట్టుకోకుండా దాని నకలు ఒకటి తీసుకోండి. వెయ్యిని రెండు సగాలు చేసి మొదటి 500 ఎక్కించండి. ఎర్రర్ వస్తే దోషి అందులో ఉంది. రాకపోతే రెండో సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్ళీ సగం చేయండి. దోషి ఒక్కరే అయితే పది సార్లకు మించకుండా దొరికిపోతుంది. ఎందుకో తెలుసా? రెండును పది సార్లు హెచ్చిస్తే 1,024 వస్తుంది కనుక!

మూడోది, దొరికిన విలువను కొలవండి, కంటితో కాదు, కంప్యూటరుతోనే. కంటికి కనిపించని ఖాళీలు పేరు చివర ఉండవచ్చు. మధ్యలో ఒక కామా జారిపోయి పేరు, ఊరు కలిసి ఒకే గడిలోకి వచ్చి ఉండవచ్చు. తెలుగు అయితే సంకేతాలను, బైట్లను విడివిడిగా కొలవాలి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. తప్పు విలువదా, గడిదా అని తేల్చుకోండి. వంద మార్కుల పరీక్షకు 870 వచ్చిందంటే తప్పు విలువది. దాన్ని సరిదిద్దాలి కాని గడిని పెంచకూడదు. నరసింహమూర్తి పేరు పట్టలేదంటే తప్పు గడిది. గడిని పెంచాలి కాని పేరును నరకకూడదు. ఏది ఏదో తేల్చుకోకుండా "ముందు పని కానీ" అని కత్తిరించేవాళ్ళే మన సర్టిఫికెట్లలో సగం పేర్లు మిగిల్చేది.

ఐదోది, పెంచితే దారి పొడవునా పెంచండి. చెరువు తూము వెడల్పు చేసి పంట కాలువను అలాగే వదిలేస్తే నీళ్ళు మధ్యలో గట్టు తెంచుకుంటాయి. ఫారంలో గళ్ళు, మధ్యలో ప్రోగ్రాము, పట్టికలో గడి, చివరకు అచ్చయ్యే కార్డు, ఇన్ని చోట్లా కొలత సరిపోవాలి. ఒక్కచోట పాత కొలత మిగిలినా పొంగు అక్కడికి చేరుతుందంతే.

ముందుచూపు

పొంగకముందే గడిని కొలిచి చూసుకునేవాళ్ళు ధన్యులు. 2014లో దక్షిణ కొరియా గాయకుడు సై పాడిన 'గంగ్నం స్టైల్' అనే పాట వీడియోను యూట్యూబ్‌లో చూసినవారి లెక్క 214 కోట్ల హద్దుకు చేరుకుంది. ఆ లెక్కను దాచే గడి 32 బిట్లది. ఇంజనీర్లు ముందుగానే గమనించి దాన్ని 64 బిట్లకు పెంచారు. ఇప్పుడు దాని హద్దు పందొమ్మిది అంకెల సంఖ్య, అంటే సుమారు 92 వేల కోట్ల కోట్లు!

ఇంకో గడి నిండబోయే రోజు మనకు ముందే తెలుసు. చాలా కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా లెక్కపెడతాయి. ఆ లెక్కను 32 బిట్ల గడిలో దాచే చోట్ల 2038 జనవరి 19న, మన గడియారం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు గడి నిండుతుంది. మరుసటి సెకనులో లెక్క చుట్టు తిరిగితే, ఆ యంత్రాలు 1901 డిసెంబరు వచ్చిందనుకుంటాయి! కొత్త కంప్యూటర్లు చాలావరకు 64 బిట్లకు మారాయి. ఆ గడి నిండడానికి విశ్వం వయసుకు ఇరవై రెట్లకు పైగా కాలం పడుతుంది. కాని పాత పరికరాలలో, పాత పట్టికలలో చిన్న గళ్ళు ఇంకా ఉన్నాయి. వాటిని వెతికి మార్చే పని సాగుతోంది.

ఆ ఉదయానికి మీరు చదువులు ముగించి ఉద్యోగాలలో ఉంటారు. మీలో కొందరు పట్టికలు కట్టే ఇంజనీర్లే కావచ్చు. ఒక గడి కట్టేటప్పుడు "ఇందులో రాగల అతి పెద్ద విలువ ఏది? అది దాటితే ఈ యంత్రం ఎవరికి చెబుతుంది?" అని రెండు ప్రశ్నలు వేసుకోండి. చాలావరకు ప్రమాదాలు ఆ రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతాయి.

మీరే చేసి చూడండి

1. ఎనిమిది బిట్ల మీటరు 250 చూపిస్తోంది. దానికి 10 కలిపితే ఎంత చూపిస్తుంది?

2. 'కృష్ణ' అన్న పేరుకు యూటీఎఫ్-8లో ఎన్ని బైట్లు కావాలి?

3. ఆరు అంకెల పిన్‌కోడు 16 బిట్ల గడిలో పడుతుందా? పట్టకపోతే ఎన్ని బిట్లు కావాలి?

జవాబులు: 1. 260లోంచి 256 పోగా 4. 2. క, వట్రసుడి, ష, పొల్లు, ణ కలిసి ఐదు సంకేతాలు, కనుక 15 బైట్లు. 3. పట్టదు, 16 బిట్ల హద్దు 65,535 మాత్రమే. 20 బిట్లు కావాలి. 20 బిట్లతో 10,48,575 వరకు పోవచ్చు.